ఉతికినంకనే కొలత: స్వెటర్ ముగించి టోపీ మొదలువెట్టేటప్పుడు

స్వెటర్ అంతా చక్కగ అల్లి మెడ దగ్గర చెడగొట్టుకునేటోళ్లే ఎక్కువ. రెండు సీదా (నిట్), రెండు ఉల్టా (పర్ల్) కుట్ల సాగే పట్టీ అల్లుకుంట వచ్చి, అదే 10 నంబర్ సూదితోని బిగించి కుట్లు మూసేస్తరు. పట్టీ సాగుతది గని మూసిన అంచు సాగదు, ఆర్నెల్ల పిల్ల తల దూరదు. ముయ్యంగ కుడిచేతిల ఇంకింత లావున్న 8 నంబర్ సూది పట్టుకుంటే ఆ బాధ ఉండదు. దారం అయిపోయేటట్టుంటే, మిగిలిన పోగును అల్లిక అడ్డం మీద పరిచి చూడాలె. నాలుగింతలకు తక్కువుంటే ఇంకో వరుసకు ఆశపడొద్దు, అక్కడనే ముయ్యాలె.

నంబర్లంటే యాదికొచ్చింది. పాత ఇంగ్లీషు లెక్కల నంబర్ పెరిగితే సూది సన్నగైతది: 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25 మి.మీ. అమెరికా లెక్క దానికి ఉల్టా, అక్కడ 8 అంటే 5 మి.మీ. వీడియో చూసి అల్లేటోళ్లు నంబర్ కాదు, మిల్లీమీటర్లు చూడాలె.

కొసలు ముడేసి కత్తిరిస్తే పని అయినట్టు కాదు. ముడి పిల్లకు ఒత్తుకుంటది, అక్రిలిక్ దారం నున్నగుంటది కాబట్టి నాలుగు ఉతుకులకు ఊడిపోతది. మొద్దు సూదితోని కొసను లోపలి దిక్కు 5 సెం.మీ. పోనిచ్చి, మళ్లీ వెనక్కి తిప్పి ఇంకింత పోనియ్యాలె. గుండీల పట్టీకి అంచు మీద ప్రతి 4 వరుసలకు 3 కుట్లే ఎత్తుకోవాలె. సీదా అల్లికల కుట్టు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువుంటది. వరుసకో కుట్టు ఎత్తితే పట్టీ అప్పడం లెక్క అలలు తేలుతది.

ఇగ ఉతుకుడు. కొత్త స్వెటరని ఉతకకుండ తొడుగుతరు, అదే పొరపాటు. చన్నీళ్లల్ల రెండు చుక్కలు షాంపూ వేసి 15 నిమిషాలు నానబెట్టాలె. మన బోరునీళ్లల్ల సబ్బు విరిగి తెల్లగ పట్టుకుంటది, షాంపూ అయితే తేలిగ్గ పోతది. పిండొద్దు. తువాలల చుట్టి అదిమి, నీడకు చాప మీద పరిచి ఆరబెట్టాలె. దండెం మీద ఏస్తే నీళ్ల బరువుకే చేతులు మోకాళ్ల దాక సాగుతయ్. అక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టె తగిలిందా, అల్లిక చచ్చి మెరుపు తేలుతది, ఎన్ని నీళ్లల్ల ముంచినా మళ్ల లేవదు.

ఆరినంక ఆ స్వెటరే తర్వాతి పనికి నమూనా ముక్క, అంటే కుట్ల లెక్క తెలుసుకునే ముక్క. అంచులు వదిలేసి నడుమ 10 సెం.మీ.ల ఎన్ని కుట్లున్నయో లెక్కపెట్టాలె. ఎనిమిది పోగుల ఊలుకు, 4 మి.మీ. సూదికి 22 దాక వస్తయ్. రెండు కుట్ల తేడానే గదా అనొద్దు. 90 సెం.మీ. ఛాతీకి 22 లెక్కన 198 కుట్లు ఎక్కిస్తరు. చెయ్యి బిగువై 24 పడితే అది 82.5 సెం.మీ.కే ఆగుతది.

అయినా సంక్రాంతి దగ్గర పడ్డంక పెద్ద స్వెటర్ ఎందుకు, శివరాత్రికి చలి శివశివా అని పోనే పోతది. మిగిలిన ఊలుతోని టోపీ అల్లుకోవచ్చు. పాలమూరు దిక్కు గొంగడి ఊలు పనికొస్తదా అంటే, దక్కని గొర్రె ఊలు గరుకు. చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తే వానకు చలికి ఆగుతది గని పసిపిల్ల నుదుటికి గుచ్చుకుంటది.

తల చుట్టు 42 సెం.మీ. ఉంటే, సాగేదానికి 4 తీసేసి 38 లెక్క పెట్టాలె. 22 కుట్ల లెక్కన 84, పక్కలు కలిపి కుట్టేదానికి ఇంకో రెండు: 86. రెండు సీదాలతోని మొదలై రెండు సీదాలతోనే ముగుస్తది, కలిపి కుట్టినా గీతలు తప్పవు. 3.25 సూదితోని 5 సెం.మీ. పట్టీ, ఆపైన 4 మి.మీ. సూదితోని మొత్తం 11 సెం.మీ. దాక సాదాగ, అంటే ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా. ఊలు సరిపోతదా అన్న అనుమానం ఉంటే ఉండను వంటింటి కాంటా మీద పెట్టాలె: 10 వరుసలకు 5 గ్రాములు తగ్గితే 50 వరుసలకు 25 గ్రాములు.

నెత్తి దగ్గర అంచుకో కుట్టు వదిలి, 10 అల్లి రెండు కుట్లు కలిపి ఒకటి చేసుడు, ఇట్ల 7 సార్లు. తర్వాత ఉల్టా వరుస ఉత్తగ. మళ్లీ 9 అల్లి రెండు కలుపుడు, ఆపై 8, ఇట్లనే ఒక్కొక్కటి తగ్గించుకుంట పోవాలె. నడుమ 42 మిగిలినంక ప్రతి వరుసల కలపాలె, ఉల్టా దిక్కు గూడ. మొత్తం 16 కుట్లు మిగిలినప్పుడు దారం 40 సెం.మీ. వదిలి కత్తిరించి, అన్ని కుట్లల్ల రెండుసార్లు పోనిచ్చి గుంజాలె. పక్కలు కలిపి కుట్టుడు గూడ ఆ కొసతోనే అయిపోతది.