అమ్మమ్మ షెడ్డులో జ్వరాలు

మేం ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి పదకొండేళ్లయింది. మా పెద్దది ఇక్కడే పుట్టింది, ఇప్పుడు నాలుగో క్లాసు. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి, నేను ఏది అడిగినా జవాబు మాత్రం జర్మన్‌లోనే, ఇక శనివారం ఆన్‌లైన్ తెలుగు క్లాసు ముందు కూర్చోబెట్టాలంటే తాయిలం, బెదిరింపు, బతిమాలుడు అన్నీ అయ్యాక కెమెరా ఆఫ్ చేసుకుని బొమ్మలు గీసుకుంటుంది. ఆ బొమ్మలేమో అన్నీ పురుగులే.

మొన్న శీతాకాలంలో స్కూల్లో రెఫెరాట్ ఇచ్చారు, అంటే ఒక టాపిక్ మీద చార్టు చేసి క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి. ఈ ఊరికి సంబంధించిన మనిషి అయ్యుండాలట. సగం క్లాసు కవి గోథే అంది. మాది మారియా సిబిల్లా మెరియన్ అంది. ఎవరే ఆవిడ అంటే గొంగళిపురుగులు గీసినావిడ అని చెప్పి పోయింది. నేను ఎన్నేళ్ల నుంచో యు4 మెట్రోలో మెరియన్‌ప్లాట్స్ స్టేషన్ మీదుగా ఆఫీసుకి పోతున్నా, ఒక్కరోజు కూడా ఎవరా అని అనుకోలేదు. తీరా చూస్తే స్టేషన్‌కున్న పేరు ఈవిడ తండ్రిది, మాథ్యూస్ మెరియన్ అని, రేకుల మీద చెక్కి అచ్చేసే బొమ్మల పెద్ద పబ్లిషర్, ఆయన కూడా ఇక్కడివాడు కాదు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మనలాగే వచ్చినోళ్ల పిల్ల అన్నమాట.

ఈవిడ 1647లో పుట్టింది. మూడేళ్లకే తండ్రి పోయాడు, తల్లి ఇంకో పెయింటర్‌ని పెళ్లి చేసుకుంది, ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకుంది. 1660లో, పదమూడేళ్ల వయసులో, పట్టుపురుగులు పెంచడం మొదలెట్టింది, గుడ్డు నుంచి పురుగు, పురుగు గూడు కట్టడం, గూట్లోంచి సీతాకోక రావడం అన్నీ చూసి రాసి పెట్టుకుంది. అప్పటికి చాలామంది పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయనే నమ్మేవాళ్లు.

పట్టుపురుగులు అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. ఎందుకంటే మా అమ్మ చేసేది అదే. హిందూపురం దగ్గర పల్లెలో మాకు మల్బరీ తోట, ఒక షెడ్డు. చిన్నప్పుడు నా యూనిఫాంకి షెడ్డు కడిగే బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చేది, క్లాసులో నన్ను పురుగులదానా అనేవాళ్లు. అందుకే ఇక్కడ ఎవరైనా మీ వాళ్లేం చేస్తారు అంటే వ్యవసాయం అని ఒక్క మాటతో సరిపెట్టేదాన్ని, పిల్లకి కూడా సరిగ్గా చెప్పలేదు, ఇండియా వెళ్లినప్పుడు కూడా ఇన్‌ఫెక్షన్ వస్తుందని షెడ్డులోకి పోనివ్వలేదు. ఇన్‌ఫెక్షన్ మనకి కాదు పురుగులకొస్తుంది అనేది మా అమ్మ, నేను వినేదాన్ని కాదు.

ఆ ఆదివారం వీడియో కాల్ చేసి చెప్పాను, అమ్మా నీ మనవరాలు పట్టుపురుగుల గురించి స్కూల్లో మాట్లాడతాదంట అని. ఫోన్ పిల్ల చేతికిచ్చి పక్కకి తప్పుకున్నా.

"పదమూడేండ్లకా? నేను తొమ్మిదేండ్లకే చంద్రికలు కడుగుతాంటి పాపా" అంది అమ్మ, అసలు అభినందనే లేదు. చంద్రికలంటే పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్టలు. మల్బరీ దొరకనప్పుడు మెరియన్ లెట్యూస్ ఆకు వేసేదంట అని పిల్ల చెప్తే, లెట్యూస్ అంటే ఏందో చూపించమని, ఇది ఫ్రిజ్‌లోంచి తీసి చూపిస్తే, "ఈ నీళ్ల ఆకు తిని అది గూడు కట్నట్టే" అని నవ్వింది.

తర్వాత అమ్మ అసలు ప్రశ్న. "ఆ యమ్మకి దుడ్లు యాడియి?"

నాకైతే మెరియన్ గురించి చదివినదాంట్లో అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే, అందరూ సైంటిస్టు, ఆర్టిస్టు అంటారు గానీ ఆవిడ గట్టి వ్యాపారస్తురాలు. న్యూరెంబర్గ్‌లో ఉన్నప్పుడు ఉన్నవాళ్లింటి ఆడపిల్లలకి బొమ్మలు, ఎంబ్రాయిడరీ నేర్పింది, రంగులు అమ్మింది, పూల బొమ్మల పుస్తకం వేసింది, 1679లో గొంగళిపురుగుల పుస్తకం వేసింది. తర్వాత భర్తని వదిలి ఇద్దరు కూతుళ్లని, తల్లిని తీసుకుని నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఒక మతసమాజంలో చేరింది, అక్కడ్నుంచి 1691లో ఆమ్‌స్టర్‌డామ్. 1699లో, యాభై రెండేళ్లప్పుడు, తన 255 పెయింటింగులు అమ్మేసి, వీలునామా రాసి పెట్టి, ఇరవై ఒక్కేళ్ల చిన్న కూతురు డొరోథియాతో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కి ఓడెక్కింది. రాజు పంపలేదు, కంపెనీ పంపలేదు, సొంత డబ్బు. ఇదంతా మా పిల్ల తెలుగులో చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే అమ్మకి జర్మన్ రాదు, నేను కావాలనే వంటింట్లో నిలబడ్డా. విడాకులు అన్న పదం కోసం ఒక్కసారి నన్ను పిలిచింది. వీలునామాకి చేతులతో ఏదో రాసినట్టు చూపించి, చచ్చిపోతే ఎవరికి అని పేపర్ అంది, అమ్మకి అర్థమైపోయింది.

సురినామ్‌లో అందరూ చక్కెర తప్ప ఇంకేదీ పట్టించుకోరని, తను వేరేవాటి గురించి అడిగితే నవ్వారని ఆవిడే రాసుకుంది. రెండేళ్లు కూడా ఉండలేకపోయింది, జబ్బు చేసి 1701లో తిరిగొచ్చేసింది. తిరిగొచ్చాక సీసాల్లో తెచ్చిన జంతువులు అమ్మి, ముందుగా చందాలు కట్టించుకుని 1705లో అరవై బొమ్మల పుస్తకం డచ్‌లో, లాటిన్‌లో వేసింది. మొదటి బొమ్మ అనాసపండు, దాని మీద బొద్దింకలు. జామచెట్టు మీద పెద్ద సాలీడు చిన్న పిట్టని తింటున్న బొమ్మని చూసి తర్వాతి వాళ్లు అబద్ధం అన్నారు, కానీ పిట్టల్ని తినే సాలీళ్లు నిజంగానే ఉన్నాయి.

ఒక చోట నాకు గొంతు పట్టేసింది. ఎరుపు పసుపు కలిసిన ఒక పువ్వు గురించి రాస్తూ, బానిసలుగా ఉన్న ఆడవాళ్లు పుట్టే బిడ్డలు కూడా బానిసలు కాకూడదని ఆ గింజలతో కడుపు పోగొట్టుకునేవాళ్లని, వాళ్లే తనతో చెప్పారని రాసింది. ఆ చెట్టు ఏదో వెతికితే మన రత్నగంధి. మా అమ్మ వాళ్ల గేటు పక్కనే ఉంటుంది, మా పిల్ల ఆ మొగ్గలు తుంచి ఆడుకుంది. ఇది తొమ్మిదేళ్లదానికి ఎంత చెప్పాలో తెలీక, అక్కడ మనుషుల్ని కొనేవాళ్లు, మెరియన్ కూడా వాళ్లతో పని చేయించుకుంది, పురుగులు తెచ్చిచ్చింది వాళ్లే అని మాత్రం చెప్పా. మరి వాళ్ల పేర్లు? పుస్తకంలో లేవు అన్నా. అది చార్టు మీద కింద ఒక ఖాళీ గీత గీసి అలానే వదిలేసింది. టీచర్ అడిగితే ఏం చెప్తావే అంటే, గుర్తుంది నాకు అంది.

మా అమ్మని కూడా వదల్లేదు, గూట్లో పురుగుని ఏం చేస్తారు అని అడిగేసింది. నేను గబుక్కున మాట మారుద్దామనుకునే లోపు అమ్మ, "వేన్నీళ్లలో ఏస్తారు పాపా, దారం తీయాల కదా" అంది. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెరియన్ కూడా సీతాకోకల్ని సూదితో గుచ్చి అమ్మేది అంది. ఇద్దరూ అక్కడికి రాజీ.

నేను మాత్రం మెరియన్ కూతుళ్ల గురించే ఆలోచిస్తూ ఉండిపోయా. వాళ్లని క్లాసుల్లో కూర్చోబెట్టలేదు ఆవిడ, బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని పనిలో పెట్టింది, ఏ బొమ్మలో ఎవరి చెయ్యి ఎంత ఉందో ఇప్పటికీ నిపుణులు వాదించుకుంటున్నారు. పెద్ద కూతురు 1711లో సురినామ్ వెళ్లిపోయింది. 1717 జనవరిలో తల్లి ఆమ్‌స్టర్‌డామ్‌లో పోయింది, అదే ఏడు చిన్న కూతురు రష్యా చేరింది, పీటర్ చక్రవర్తి కొన్న వాళ్లమ్మ బొమ్మలు కూడా అక్కడికే పోయాయి. నేనేమో మా అమ్మ పని నుంచి పారిపోయి వచ్చినదాన్ని.

రెఫెరాట్ రోజు పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది అన్న దగ్గర మాది దానికి జర్మన్‌లో జ్వరం అనే చెప్పిందట. టీచర్ అది జ్వరం కాదమ్మా అంటే, మా అమ్మమ్మ జ్వరమే అంటుంది, అప్పుడు ఆకు వెయ్యదు, సున్నం చల్లుతుంది, ఆమె నలభై ఏళ్లుగా చేస్తోంది అందట. నలభై అని నేను చెప్పలేదు, ఎప్పుడు అడిగిందో.

శనివారం క్లాసు యుద్ధం అలాగే ఉంది, ఏం మారలేదు. కాకపోతే ఇప్పుడు స్కూల్ నుంచి రాగానే నా ఫోన్ లాక్కుని బ్యాచ్ ఎంతవరకొచ్చిందో అడుగుతుంది. నిన్న కూడా, "అమ్మమ్మా, మూడో జ్వరమా నాలుగోదా?" అని.

"నాలుగోది లేసినాయి పాపా. ఫోన్ పెట్టెయ్, ఆకు ఎయ్యాల."