ఫీజు కడతానంటే లోన్ పెట్టబోయారు: బ్యూటీషియన్ కోర్సులో చేరడానికి నేను పడ్డ పాట్లు

ఒక అకాడమీకి కట్టిన నా ఐదువేలు నిన్న సాయంత్రం తిరిగి నా అకౌంట్లో పడ్డాయి. కోపం చల్లారకముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను. హైదరాబాద్‌లో బ్యూటీషియన్ కోర్సు చేయాలని చూస్తున్న అమ్మాయిలు, ముఖ్యంగా చేతిలో పెద్దగా డబ్బు లేని ఇళ్ళ అమ్మాయిలు, ఇది చివరిదాకా చదవండి.

మాది రామంతాపూర్. నాన్నకు ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద సెలూన్ ఉంది. మేం నాయీ బ్రాహ్మణులం. డిగ్రీ అయ్యాక నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మొబైల్ షోరూమ్‌లో ఫైనాన్స్ కౌంటర్ చూసుకున్నాను. ఈఎంఐలో ఫోన్ కొనేవాళ్ళ పాన్, ఆధార్ తీసుకుని, లోన్ అప్రూవ్ చేయించి, బిల్లు కొట్టించడం నా పని. ఆ పనితోనే ఆగిపోకూడదని, నాన్న షాపు పక్కన మల్గి ఖాళీ కాగానే లేడీస్ పార్లర్ పెట్టాలని నిర్ణయించుకున్నాను. కత్తెర పట్టడం నాకు చిన్నప్పుడే వచ్చు. స్కిన్, మేకప్, హెయిర్ కెమికల్స్ పద్ధతిగా నేర్చుకోవాలి. అందుకే కోర్సు.

ముందు ప్రభుత్వ దారులు చూశాను. ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. పదో తరగతి పాసైతే చాలు, ఏడాది కోర్సు, చివర జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. వయసు, సమయం ఉన్నవాళ్ళు దాన్ని దాటుకుని వెళ్ళకండి. సెట్విన్ పేరు చెప్పగానే మన ఊళ్ళో అందరికీ చిన్న బస్సులు గుర్తొస్తాయి కానీ, అది 1978 నుంచి జంటనగరాల పిల్లలకు పనులు నేర్పిస్తున్న సంస్థ. అక్కడ బ్యూటీషియన్ కోర్సు ప్రైవేటు ఫీజుల్లో కొద్ది భాగానికే దొరుకుతుంది. త్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్ వరకు నేర్చుకుని ఇంట్లోనే మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు అది చాలు. నాకు బ్రైడల్ మేకప్, కెరాటిన్, హెయిర్ కలర్ కూడా కావాలి, మల్గి ఓనరు ఏడాదిదాకా ఆగడు. అందుకని ప్రైవేటు అకాడమీల వైపు తిరిగాను.

అమీర్‌పేట, కూకట్‌పల్లి, హిమాయత్‌నగర్, కొత్తపేట, అన్నీ చూశాను. బ్రోషర్లు అందంగానే ఉంటాయి. 'ఇంటర్నేషనల్ సర్టిఫికెట్' అని ప్రతివాళ్ళూ వేసుకుంటారు. సిడెస్కో డిప్లొమా సంగతి తీసుకోండి. 1946లో మొదలైన అంతర్జాతీయ బ్యూటీ థెరపీ సంస్థ అది, ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉంది. ఆ డిప్లొమాకు 1,200 గంటల శిక్షణ కావాలి. మూడు నెలల కోర్సులో అన్ని గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? అడిగితే 'అది వేరే కోర్సు మేడమ్, ఎగ్జామ్ ఫీజు వేరే' అంటారు. లోగో మాత్రం అందరి బ్రోషర్ మీదా ఉంటుంది.

టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు చెప్పింది, అక్కడ జుట్టు కత్తిరించే పనికి కూడా లైసెన్స్ కావాలట, దానికి 1,000 గంటల చదువు ఉండాలట. మన దగ్గర పార్లర్ పెట్టడానికి చేతిపనికి అలాంటి లైసెన్స్ ఎవరూ అడగరు. దాంతో అకాడమీ కూడా ఎవరైనా పెట్టేస్తున్నారు. కాబట్టి పరీక్ష మనమే పెట్టాలి. నేను వెళ్ళిన ప్రతిచోటా ఒకటే అడిగాను: 'హెయిర్ కలర్ వేసేముందు ప్యాచ్ టెస్ట్, అంటే కలర్ చర్మానికి పడుతుందో లేదో కొంచెం రాసి చూడడం, ఎంతసేపు ముందు చేయాలి?' 48 గంటలు అని కలర్ డబ్బా మీదే రాసి ఉంటుంది. డైలో ఉండే పీపీడీ అనే కెమికల్‌కు కొందరి చర్మం వాచిపోతుంది, అందుకని. చాలాచోట్ల కౌన్సెలర్లు 'అవన్నీ క్లాసులో చెప్తారు మేడమ్' అన్నారు. పాఠం చెప్పే మనిషిని చూపించకుండా డబ్బు తీసుకునే మనిషిని మాత్రమే చూపించే చోట చేరకండి.

ఇక అమీర్‌పేట అకాడమీ. పేరు రాయను. ఏసీ హాలు, గోడ నిండా అద్దాలు, రింగ్ లైట్లు. ల్యాబ్ నిజంగానే బాగుంది, అందుకే సీటు బుకింగ్ అని ఐదువేలు కట్టాను. ఫీజు 1,45,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,71,100. 'మీరేం టెన్షన్ పడొద్దు మేడమ్, పన్నెండు ఇన్‌స్టాల్‌మెంట్లు, జీరో ఇంట్రెస్ట్' అన్నాడు కౌన్సెలర్. ఒకేసారి కడితే ఎంత అని అడిగాను. 1,25,000, జీఎస్టీతో 1,47,500 అన్నాడు.

అక్కడే నాకు అర్థమైంది. తేడా 23,600. అదే వడ్డీ. షోరూమ్‌లో నేను రోజూ చూసిందే ఇది. ఫైనాన్స్ కంపెనీ తన వాటా పట్టుకుని మిగతా డబ్బంతా అకాడమీకి మొదట్లోనే ఇచ్చేస్తుంది. ఆ వాటాను ఫీజులో కలిపేసి మన నెత్తిన పెడతారు. జీరో పర్సెంట్ వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఫోన్ అయితే ఫోన్ చేతికొస్తుంది. ఇక్కడ మన చేతికి ఏమీ రాకముందే అకాడమీకి ఫీజంతా ముట్టిపోతుంది. టీచర్ మానేసినా, బ్రాంచి మూసేసినా, మనకు జబ్బు చేసి ఆగిపోయినా ఈఎంఐ మాత్రం ఆగదు.

కౌన్సెలర్ 'రిజిస్ట్రేషన్ కోసం' అని పాన్, ఆధార్ తీసుకున్నాడు. తర్వాత నా ఫోన్ అడిగాడు, 'ఓటీపీలు మేమే ఎంటర్ చేస్తాం, మీకు కన్‌ఫ్యూజన్ ఉండదు' అని. ఫోన్ ఇవ్వలేదు. మెసేజ్ నేనే చదివాను. ఏదో ఫైనాన్స్ కంపెనీ లోన్ అప్లికేషన్ అని ఉంది. ఇది లోన్ కదా అంటే 'కాదు మేడమ్, ఇన్‌స్టాల్‌మెంట్ ఫెసిలిటీ' అన్నాడు. అయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ చూపించండి అన్నాను. డిజిటల్‌గా ఇచ్చే ఏ లోన్‌కైనా సంతకానికి ముందే అది ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో రూల్ పెట్టింది. ఏడాదికి నిజంగా వడ్డీ ఎంత పడుతుందో అందులో రాసి ఉండాలి.

అతను లేచి వెళ్ళి మేనేజర్‌ను తీసుకొచ్చాడు. ఆ మేనేజర్‌కు పాతికేళ్ళకు మించి ఉండవు. హాల్లో మరో రెండు టేబుళ్ళ దగ్గర అమ్మాయిలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. వాళ్ళందరికీ వినపడేలా మొదలుపెట్టాడు.

'మీ ఫాదర్ ఏం చేస్తారు?'

'సెలూన్.'

'అంటే కటింగ్ షాపా? ఐటీ రిటర్న్స్ ఉన్నాయా? లేవు కదా. మీ ప్రొఫైల్‌కు ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. మేం ఇప్పిస్తుంటే క్వశ్చన్లు అడుగుతున్నారు. అయినా ఇంట్లోనే కత్తెర ఉంది కదా, మీకు ఇంటర్నేషనల్ డిప్లొమా ఎందుకు?'

పక్క టేబుల్ దగ్గర ఒకావిడ తల తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నాకు మాట రాలేదు. కటింగ్ షాపు అంటే నాకు సిగ్గు లేదు, ఆ షాపే మమ్మల్ని చదివించింది. ఆ విద్యను లక్షన్నరకు అమ్ముకుంటున్న మనిషి దాన్నే తిట్టులా వాడడం భరించలేకపోయాను.

అంతటితో ఆగలేదు. ఫారంలో రెఫరెన్స్ అని నాన్న నంబరు రాయించుకున్నారు. నా ముందే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. 'మీ అమ్మాయి సీటు బుక్ చేసి ఇప్పుడు క్యాన్సిల్ అంటోంది, మా టైమ్ వేస్ట్ చేస్తోంది, ఐదువేలు తిరిగి రావు' అన్నాడు. నాన్న షాపులో ఉన్నాడు, వెనక ట్రిమ్మర్ చప్పుడు వినిపిస్తోంది. ఏం జరిగిందో ఆయనకు తెలియదు. నేను ఏదో గొడవలో ఇరుక్కున్నానని భయపడ్డాడు. 'సార్, తప్పైంది సార్, చిన్నపిల్ల, ఏమన్న అంటే మనసుల పెట్టుకోకున్రి. పైసలు మీరే ఉంచుకోన్రి సార్, బిడ్డను ఇంటికి పంపున్రి' అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఏ తప్పూ చేయకుండా, కొడుకు వయసువాడికి క్షమాపణ చెప్పాడు. హాల్లో అందరూ విన్నారు. నేను నా సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకుని బయటికి వచ్చి, మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

రాత్రి నాన్న 'ఐదువేలు పోతే పోనీ బిడ్డా, నీ మీద అప్పు పడలే, అదే సాలు' అన్నాడు. నేను పోనివ్వలేదు. రసీదు మీద 'నాన్ రిఫండబుల్' అని చిన్న అక్షరాల్లో ఉన్నా, లోన్ సంగతి దాచి బుకింగ్ తీసుకున్నారని జరిగిందంతా మెయిల్ రాశాను. జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, తెలుగులోనే మాట్లాడారు. డబ్బు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా ఉండదని అకాడమీకి మళ్ళీ రాశాను. అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే డబ్బు ఇస్తామన్నారు. డబ్బు పడ్డాకే తీసుకుంటానన్నాను. నిన్న పడింది. అప్పటిదాకా ఒక్క రూపాయి తగ్గించమన్నా ఒప్పుకోలేదు.

ఈలోగా సిబిల్ రిపోర్టు, అంటే మన పేరు మీద ఉన్న అప్పుల చిట్టా, తెప్పించుకున్నాను. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, డబ్బు కట్టి తీసుకోకండి. అందులో ఆ ఫైనాన్స్ కంపెనీ ఎంక్వైరీ పడి ఉంది. లోన్ తీసుకోకపోయినా ఆ గీత మన పేరు మీద పడిపోతుంది. 'ఊరికే ఎలిజిబిలిటీ చూస్తాం' అని ఎవరైనా పాన్ అడిగితే ఇది గుర్తుంచుకోండి.

బ్యాంకు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కేంద్రం స్కిల్ లోన్ స్కీమ్ 2015 నుంచి ఉంది, 2024 జులైలో పరిమితిని లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు, తాకట్టు అక్కర్లేదు. నేను అడిగిన బ్రాంచిలో ఆఫీసరు 'పార్లర్ కోర్సులకు ఎడ్యుకేషన్ లోనేంటమ్మా' అన్నారు. స్కీమ్ కాగితం ప్రింట్ తీసి ఇస్తే చదివి, అకాడమీకి గుర్తింపు ఉందా అని అడిగారు. నాకు నచ్చిన చోటుకు అది లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఆయన మీద నాకు కోపం లేదు.

ఆ నచ్చిన చోటు కొత్తపేటలో ఒక మేడమ్ నడిపే చిన్న అకాడమీ. ప్యాచ్ టెస్ట్ గురించి అడగ్గానే ఆవిడ బీరువా తెరిచి కలర్ డబ్బా తీసి, చెవి వెనక ఎలా రాయాలో నా మీదే చూపించారు. వ్యాక్స్ డబ్బాలో ఒకసారి వాడిన గరిటె మళ్ళీ ముంచనివ్వరు. బ్యాచ్‌లో ఎనిమిది మంది. ఫీజు 72,000, కిట్‌తో కలిపి. నాలుగు విడతలు: చేరేటప్పుడు, స్కిన్ అయ్యాక, హెయిర్ అయ్యాక, మేకప్ మొదలయ్యేటప్పుడు. లోన్ లేదు, ఓటీపీ లేదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

మొదటి విడత అమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పుతో కట్టాను. సంఘంలో మా నాన్న ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు, ఇరవై ఏళ్ళుగా అమ్మ కిస్తీ తప్పలేదు, అదే వాళ్ళకు కావాలి. మిగతాది చిట్టీ ఎత్తి కడతాం. 2021 నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం కావడంతో మిగిలే డబ్బు నాన్న ఆ చిట్టీలోనే వేస్తున్నాడు.

హెయిర్ క్లాసు ఇంకా మొదలు కాలేదు కానీ, మొన్న డమ్మీ తల మీద సెక్షన్లు తీయమంటే తీశాను. మేడమ్ బ్యాచ్ అందరినీ పిలిచి చూపించి, 'ఈ చేయి ఎక్కడ తయారైంది?' అని అడిగారు. మా నాన్న షాపులో అని గట్టిగా చెప్పాను.

చేరబోయేవాళ్ళు ఇంకో ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి. ప్రాక్టీసుకు మోడల్స్‌ను చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి, బ్రైడల్ మేకప్‌కు వచ్చే అమ్మాయికి డబ్బులివ్వాలి. మా బ్యాచ్‌లో ఒకరికొకరం కూర్చుంటున్నాం, దాంతో ఆ ఖర్చు తప్పింది. అమీర్‌పేట వాళ్ళ ఫీజులో ఆ ఖర్చు కూడా కలిసి లేదు.