ముందు రెండు రాకర్లు

నిద్ర రావట్లేదు. చేతులు మూడుసార్లు కడిగినా డీజిల్ వాసన పోలేదు. మా పాత అంబాసిడర్ కారు ఇంజన్ టకటకమని చప్పుడు చేస్తోంది, ఎందుకో ఇవాళ తేలింది. సగం తేలింది.

పోయినేడాది హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) మార్చిన షెడ్డుకే మళ్ళీ తీసుకెళ్తే అక్కడి పెద్దాయన బానెట్ కూడా ఎత్తకుండా, "పళయ వండి మేడం, అప్పిడిదాన్ ఇరుక్కుం" అన్నాడు. పాత బండి కాబట్టి అలాగే ఉంటుందట! ఇంకా అడిగితే, ఆయిల్ గేజీకి వెళ్ళే చోట T ఆకారపు జాయింటు పెట్టి, బయటి నుంచి రాగి పైపుతో రాకర్ షాఫ్ట్‌కి (వాల్వులని నొక్కే రాకర్లు అనే చిన్న మీటలు ఉండే కడ్డీకి) ఆయిల్ ఇద్దామన్నాడు. పాత ట్రయంఫ్ కార్లకి ఇలా వేసుకుంటారని నేనూ చదివాను, అందుకే నిన్న రాత్రి దాకా పైపు వేయించాలనే ఉన్నాను.

పొద్దున రాకర్ కవర్ విప్పాను. ఈయన టార్చి పట్టుకున్నారు. వెనక రాకర్లు తడిగా మెరుస్తున్నాయి, రేడియేటర్ వైపు రెండూ పొడిగా, కాస్త గోధుమరంగు తిరిగి ఉన్నాయి. మన 1489 సీసీ ఇంజన్‌లో ఆయిల్ పైకి వచ్చేది వెనకాల, షాఫ్ట్‌ని మోసే స్టాండ్‌లో ఉన్న ఒక్క రంధ్రం గుండానే. అక్కడి నుంచి బోలు షాఫ్ట్‌లోంచి ముందుకి నడవాలి. ఎనిమిది రాకర్లకీ అదే దారి.

ఆ స్టాండ్ విప్పడం చిన్న పని కాదు. దాని పెద్ద నట్లు హెడ్‌ని కూడా పట్టుకుని ఉంటాయి, కాబట్టి రేడియేటర్ నీళ్ళు దించి, హెడ్ నట్లన్నీ వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఇది నాన్న నేర్పిన వరుస. టాపెట్లు, అంటే రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు, సరిచేయడమూ ఆయనే నేర్పారు. నెల్లూరులో, వేపచెట్టు కింద, ఆయన ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇంజన్ తిప్పేవారు, నేను స్టూలెక్కి ఏ వాల్వ్ పూర్తిగా కిందికి దిగిందో చూసి అరిచేదాన్ని. "ఎనిమిది!" అంటే "అయితే ఒకటి చూడు" అనేవారు. మూడు దిగితే ఆరు, ఐదు దిగితే నాలుగు. కూడితే తొమ్మిది రావాలి, అప్పుడే ఆ టాపెట్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టాలి. నాకు తొమ్మిదిలో కూడికలన్నీ బడిలో కంటే ముందు అక్కడే వచ్చాయి. గేజ్ రేకు దూరేటప్పుడు వేలికి ఆ చిన్న పట్టు తెలియాలనేవారు, నా వేలు పట్టుకుని మరీ చూపించేవారు, అమ్మ లోపలి నుంచి అన్నానికి పిలుస్తున్నా కదలనిచ్చేవారు కాదు.

సరే, స్టాండ్ పైకి తీస్తే ఏం కనిపించింది? దాని అడుగున సీలెంట్ పేస్ట్! అక్కడ పేస్ట్ పని లేదు. బూడిదరంగు రబ్బరు, చిన్న నాలుకలా, ఆయిల్ రంధ్రాన్ని సగం కప్పేసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయిల్ కారదు మేడం, గ్యారంటీ" అని ఆ రోజు అన్న మాట ఇదా? రంధ్రం మూసి, ఏడాది తర్వాత దానికే బయట పైపు వేస్తానంటారు, దానికి మళ్ళీ డబ్బులు! ఈయన "పోనీలే" అన్నారు. పోనీలే ఎలా అవుతుంది, ఇంజన్ కదా.

షాఫ్ట్ చివరి బిరడాలు తీసి డీజిల్‌తో, తీగతో కడిగితే నల్లటి మడ్డి వచ్చింది. అప్పుడు షాఫ్ట్ అడుగువైపు గోరు పెట్టి లాగాను. ముందు రాకర్ల చోట మెట్టు తగిలింది. వెనక వాటిలోనూ కొంచెం ఉంది. ఇక్కడే పైపు మీద నా మనసు మారింది. అరిగిన చోటల్లా ఆయిల్ కారిపోతుంటే ముందుకి ఏం చేరుతుంది? పైపు పెట్టి ఎక్కువ పంపితే ఎక్కువ కారుతుంది, పైగా కింద బేరింగులకి ప్రెజర్ తగ్గుతుంది, వాల్వ్ గైడ్లలోంచి దిగి నీలం పొగ కూడా రావచ్చు. కాబట్టి పైపు వద్దు. కొత్త షాఫ్ట్, దాని మీద రాకర్లు తిరిగే బుష్‌లు కావాలి.

ప్రస్తుతానికి పాతదే బిగించాను. ఇగ్నిషన్ వైరు తీసి స్టార్టర్ తిప్పితే ఒకటో రాకర్ పక్కన చుక్క ఊరింది. ఈయన టార్చి వదిలేసి చప్పట్లు కొట్టారు. నాన్నకి ఫోన్ చేస్తే మొదట "హెడ్ నట్లు మళ్ళీ టార్క్ పెట్టావా?" అని అడిగారు, అంటే కొలిచిన బలంతో బిగించావా అని. పెట్టాను నాన్నా.

శనివారం చెన్నైలో బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్ళాలి. షాఫ్ట్ కొనే ముందు అక్కడే గోరు పెట్టి చూస్తాను.