నాన్న పాత కంప్యూటర్‌కి కొత్త మానిటర్

నాన్న శుభలేఖలు తయారుచేసే డీటీపీ కంప్యూటర్ మానిటర్ పోయిన వారం పోయింది. లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు. పాత విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన శుభలేఖల ఫైళ్లు అన్నీ అందులోనే. కాబట్టి సీపీయూ మార్చే మాటే లేదు.

దాని వెనక ఉన్నది నీలం రంగు వీజీఏ పోర్టు ఒక్కటే, మానిటర్ వైరు పెట్టే పాత రకంది. మూడు వరసలు, వరసకి ఐదు, మొత్తం 15 పిన్నులు. ఇప్పటి మానిటర్లలో చాలావాటికి వీజీఏ ఉండట్లేదు, హెచ్‌డీఎంఐ లాంటి కొత్త రకం పోర్టులే ఉంటున్నాయి. సికింద్రాబాద్‌లో ఒక షాపతను "కన్వర్టర్ పెట్టుకోండి సార్" అని చేతిలో పెట్టాడు. తీరా చూస్తే అది హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ని వీజీఏగా మార్చేది. మాకు కావాల్సింది దానికి సరిగ్గా రివర్స్. అటుది ఇటు తిప్పి పెడితే పనిచేయదు. కొనేవాళ్లు ఈ ఒక్కటీ తప్పకుండా చూసుకోండి.

మూడో షాపులో వీజీఏ ఉన్న 21.5 అంగుళాలది దొరికింది. ఇంటికొచ్చి పెట్టగానే శుభలేఖ మీది వినాయకుడు అడ్డంగా సాగిపోయాడు! రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, పాతదానికి 1280×1024, దీనికి 1920×1080. రిజల్యూషన్ మార్చి, మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కాక అక్షరాలు కుదురుకున్నాయి.

నాన్న కళ్లజోడు సర్దుకుని, దగ్గరికి వంగి, 'లక్ష్మి'లో ఒత్తు చూశారు.

"బాగా తెలుస్తోందిరా" అన్నారు.