చచ్చినవాడి మీద కేసు

ఎన్‌కౌంటర్ జరిగితే కేసు ఎవరి మీద కడతారో తెలుసా? చనిపోయినవాడి మీద. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని ఎఫ్ఐఆర్ రాస్తారు. నిందితుడే లేడు కనక ఫైలు మూసేస్తారు. కాల్చినవాళ్ళ పేర్లు ఎక్కడా రావు. క్రిమినల్ ప్రాక్టీసుకి వచ్చేదాకా నాకు ఈ పద్ధతి తెలియదు. దీన్ని ఏళ్ళ తరబడి నిలదీసిన పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ గారి గురించి మా తర్వాత వచ్చిన జూనియర్లకి పెద్దగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1952లో బళ్ళారిలో పుట్టారు. వరంగల్‌లో లెక్కల్లో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1983లో పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1985లో అదే సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం గారిని వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే చంపేశారు. బాలగోపాల్ గారు ఆగలేదు.

ఆయన పనంతా నిజనిర్ధారణే. సంఘటన జరిగిన ఊరికి వెళ్ళాలి, ఇంటివాళ్ళతో, ఇరుగుపొరుగుతో మాట్లాడాలి, పోలీసుల మాటా వినాలి. శవం మీద గాయాలకీ పోలీసులు చెప్పే కథకీ పొంతన ఉందో లేదో చూడాలి. అప్పుడే నోరు విప్పాలి. 1991లో దళితులని ఊచకోత కోసిన చుండూరుకైనా, 2007లో పోలీసులు ఆదివాసీ మహిళల మీద అత్యాచారం చేశారన్న ఆరోపణ వచ్చిన వాకపల్లికైనా వెళ్ళినవాళ్ళు చేసిన పని ఇదే. ఇప్పుడు ఊరికి వెళ్ళకుండానే ఫోన్లో తీర్పులు చెప్పేస్తున్నాం.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది వేరే ఉంది. రాజ్యం చేసే హింసని అడిగిన నోటితోనే నక్సలైట్ల హింసనీ అడిగారు. కలిసి నడిచినవాళ్ళతో తెగిపోతుందని తెలిసే అడిగారు. సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు, హైకోర్టులో వకీలుగా నిలబడ్డారు. శత్రువుని ప్రశ్నించడానికి ధైర్యం చాలు. సొంతవాళ్ళని ప్రశ్నించాలంటే ధైర్యం ఒక్కటే సరిపోదు.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ ఆయన అన్నాళ్ళూ అన్న మాటే చెప్పింది: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కాల్చినవాళ్ళ మీద ఎఫ్ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణో కాదో కోర్టులో తేలాలి. సుప్రీంకోర్టు వెంటనే స్టే ఇచ్చింది. ఆ అక్టోబరు 8న బాలగోపాల్ గారు పోయారు. 57 ఏళ్ళే.

పదేళ్ళ తర్వాత, 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా బార్ రూమ్‌లోనూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయికి జరిగినదానికి నాకూ కడుపు మండింది, అయినా చప్పట్లు కొట్టలేకపోయాను. దీని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం కావాలనే కాల్చారని తేల్చింది, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపమంది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమంది దాన్ని తెరిచి చదివారు?