చింత మొదట్లోదీ, కొబ్బరి మొదట్లోదీ ఒకటేనా?

ఎంఎస్సీ ప్రాజెక్టు కోసం గుంటూరు, తెనాలి చుట్టుపక్కల గానోడెర్మా పుట్టగొడుగులు సేకరించాను. చెట్ల వేర్లను, మొదళ్ళను కుళ్ళబెట్టే శిలీంధ్రం ఇది. తెనాలి దగ్గర ఒక తోటలో కొబ్బరి మొదట్లోనూ, గట్టు మీది చింత మొదట్లోనూ చూడటానికి ఒకేలా ఉన్నవి దొరికాయి. ముదురు ఎరుపు, పైన ఏటికొప్పాక బొమ్మకు లక్క పట్టించినట్టు మెరుపు, అంచున తెల్లటి పట్టీ.

"అమ్మాయ్, ఆ చింతచెట్టు కొట్టిస్తే నా కొబ్బరికి తెగులు ఆగుతుందా?" అని తోట రైతు అడిగాడు. "రెండూ ఒకటో కాదో చూసి చెప్తాను బాబాయ్, అప్పటిదాకా కొట్టించకు" అన్నాను. ఆ తర్వాత నా ప్రాజెక్టు అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గానోడెర్మాలో జాతి పేరు రాయాల్సి వస్తే, మెరిస్తే లూసిడం, మెరవకుండా బల్లపరుపుగా ఉంటే అప్లనేటం అని రాసేయడం పాత అలవాటు. కొబ్బరి తెగులు గురించి మన దగ్గర రాసినవాటిలోనూ ఎక్కువగా ఈ రెండు పేర్లే. కానీ లూసిడం 1781లో విలియం కర్టిస్ ఇంగ్లండ్‌లో వర్ణించిన జాతి. ఆసియాలో ఆ పేరుతో చలామణీ అయినవి చాలావరకు వేరే జాతులని డీఎన్‌ఏ పరిశోధనల్లో తేలింది. చైనావాళ్ళు మందుగా వాడే లింగ్‌ఝీకి 2012లో విడిగా పేరు పెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు తెనాలి చింతచెట్టు మీదదాన్ని కళ్ళతో చూసి లూసిడం అనడానికి నాకు మనసొప్పలేదు.

మైక్రోస్కోపు పని నాకు బాగా నచ్చింది. టోపీ మీద, కింద గడ్డి మీద కోకో పొడి రంగులో పేరుకున్న స్పోర్లను (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) బ్రష్‌తో కాగితం మీదికి దులిపి స్లైడ్ చేశాను. ఆయిల్ ఇమ్మర్షన్‌లో, అంటే స్లైడ్ మీద నూనె చుక్క వేసి బాగా పెద్దదిగా చూపే లెన్స్‌తో చూస్తే స్పోరుకు రెండు గోడలు, మధ్యలో సన్నటి ముళ్ళు, ఒక కొస నరికినట్టు చదునుగా. అది గానోడెర్మానే అనడానికి ఇక అనుమానం అక్కర్లేదు. ఏ జాతి అన్నదే చిక్కు. పొడవు సుమారు 10 మైక్రాన్లు, రెండింటి కొలతలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తున్నాయి. కొబ్బరిదాని స్పోర్లు కాస్త సన్నం, అంతే. టోపీ పైపెంకు కోసి చూసినా రెండింటిలోనూ గద ఆకారపు కణాలే. మా గైడ్ మేడం "కొలతలు పక్కన రాసిపెట్టు, పేరు మాత్రం రాయకు" అన్నారు.

డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ (కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకు నకళ్ళు పెంచడం) మామూలుగానే అయిపోయాయి. శిలీంధ్రాల్ని గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం సీక్వెన్సు వచ్చాక బ్లాస్ట్ చేస్తే, అంటే జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్సుల భండారంలో ఉన్నవాటితో పోల్చి చూస్తే, పైన కనిపించినవి చాలావరకు లూసిడం పేరుతోనే ఉన్నాయి. జెన్‌బ్యాంక్‌లో గానోడెర్మాకు తప్పు పేర్లు ఎక్కువ. ఎవరో మెరుపు చూసి పెట్టిన పేరు అక్కడ అలాగే ఉండిపోతుంది. అందుకని పై వరసలో వచ్చిన పేరు తీసుకోకుండా, జాతిని స్థాపించిన నమూనాల నుంచి, నిపుణులు సరిచూసిన నమూనాల నుంచి తీసిన సీక్వెన్సులను ఏరి వాటితోనే ఏది దేనికి దగ్గరి చుట్టమో చూపే వంశవృక్షం గీశాను. టెఫ్1 అనే జన్యువునూ కలిపాను. ఎందుకంటే దగ్గరి జాతుల్ని విడదీయడానికి ఐటీఎస్ ఒక్కటే చాలా సార్లు చాలదు.

రెండు డీఎన్‌ఏ భాగాల్లోనూ కొబ్బరిది, చింతది వేర్వేరు కొమ్మల్లో పడ్డాయి. కొబ్బరిది తాటి కుటుంబపు చెట్ల మీద వచ్చే జాతులతో చేరింది. చింతదానికి ఏ పేరూ గట్టిగా అతకలేదు. లేబుల్ మీద జాతి పేరు లేకుండా, లూసిడాన్ని పోలిన దగ్గరి జాతులన్నిటికీ వాడే "గానోడెర్మా, లూసిడం గుంపు" అని మాత్రమే రాశాను. వైవాలో (ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్షలో) ఇది అసంపూర్తి కదా అన్నారు. తెలిసినంతే రాయడం సరైనదని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటున్నాను.

బాబాయ్‌కి ఫోన్ చేసి, చింత జోలికి పోవద్దన్నాను. తెగులు పట్టిన కొబ్బరి చుట్టూ కందకం తీసి, మిగతా చెట్లకు ఒక్కోదానికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి మొదట్లో వేయమన్నాను. "వేపపిండి దొరుకుద్ది, ఆ రెండోది ఎక్కడ అమ్ముతారో చెప్పమ్మా" అన్నాడు.