కా-వే 32, ఆషాఢ బహుళ నవమి

జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన రెండో రోజున మా మేనేజరు, "ఈ పరీక్షలు కా-వే 27 కల్లా పూర్తి కావాలి" అన్నారు. కా-వే అంటే ఏదో సాఫ్ట్‌వేర్ పేరనుకున్నాను. సాయంత్రం దాకా ఆఫీసు కంప్యూటర్‌లో దానికోసం వెతికాను. చివరికి పక్క సీటులో కూర్చునే ఆవిడ జాలిపడి చెప్పింది. కాలెండర్‌వోఖె. అంటే ఏడాదిలో అది ఎన్నో వారమో ఆ నంబరు.

ఇక్కడ ఆఫీసుల్లో తేదీల కంటే వారాల నంబర్లే ఎక్కువగా వినపడతాయి. సెలవు 33, 34లో. కొత్త యంత్రం వచ్చేది 41లో. వారం సోమవారంతో మొదలవుతుంది, జనవరిలో మొదటి గురువారం ఏ వారంలో ఉంటే అదే ఒకటో వారం. ఈ లెక్క వల్ల 2025 డిసెంబరు 29 అప్పుడే 2026 తాలూకు ఒకటో వారంలోకి వెళ్లిపోయింది. ఈ 2026కు 52 కాదు, 53 వారాలు. కా-వే అర్థం తెలిసిన ఆ రాత్రే ఫోన్‌లోని క్యాలెండర్ యాప్ తెరిచి, సెట్టింగుల అడుగున ఎక్కడో దాక్కున్న 'వారం నంబరు చూపించు' అన్న మీట పట్టుకున్నాను. పనిలో పనిగా వారం మొదలును ఆదివారం నుంచి సోమవారానికి మార్చాను. నంబర్లు రెండు రోజుల్లో అలవాటయ్యాయి కానీ, ఆదివారాన్ని అలా తోకకు కట్టేయడం మింగుడుపడటానికి నెల పట్టింది.

మా రాజమండ్రి ఇంట్లో వంటింటి తలుపు పక్కన ఒక గోడ క్యాలెండర్ ఉంటుంది. మేకుకు దారం, దారానికి పెన్సిలు ముక్క. అందులో ఆదివారాలు ఎర్రగా ముందు వరసలో ఉంటాయి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అచ్చులో ఉంటే, మిగిలిన సందులో అమ్మ రాతలు ఉంటాయి. ఏ రోజు ఎన్ని పాలు పోయించుకుందో అర, ఒకటి అని గళ్లలో వేస్తుంది. గ్యాస్ బండ మార్చిన రోజున ఒక సున్నా. నెలాఖరున పాలతను వస్తే ఇద్దరూ ఆ గోడ ముందే నిలబడి కూడుకుంటారు. ఆ గళ్ల మీద ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తగాదా రాలేదు.

నేను మాత్రం ఇక్కడ కొత్తలో క్యాలెండర్‌తో తగాదాలే పడ్డాను. మొదటిది 'చూద్దాం' వల్ల వచ్చింది. మన దగ్గర ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్లే ఉద్దేశం లేకపోతే "చూద్దాం లెండి" అంటాం. పిలిచినవారికీ అర్థమవుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆఫీసు క్యాలెండర్‌లో పిలుపు వస్తే మూడు మీటలుంటాయి: వస్తాను, రాను, బహుశా. ఆ మూడోది చూడగానే ప్రాణం లేచి వచ్చింది, జర్మన్లకూ చూద్దాం ఉంది కదా అని. కుదరని సమావేశాలన్నిటికీ మర్యాదగా 'బహుశా' నొక్కుతూ పోయాను. మూడో వారానికల్లా మేనేజరు పిలిచి అడిగారు: "పదకొండు సమావేశాల విషయం నువ్వు ఇంకా తేల్చలేదు, ఎప్పుడు తేలుస్తావు?" వాళ్ల లెక్కలో బహుశా అంటే మర్యాద కాదు, బాకీ. సాయంత్రంలోగా పదకొండిటినీ తేల్చాను. తొమ్మిదింటికి 'రాను' అని నొక్కుతుంటే, తొమ్మిది ఇళ్ల ముందు నిలబడి తలుపు మీద కొట్టినట్టుగా అనిపించింది. తీరా చూస్తే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒకాయన థాంక్స్ కూడా చెప్పాడు.

ఇక్కడ జీవితమంతా టెర్మిన్ అనే మాట చుట్టూ తిరుగుతుంది. ముందుగా ఖాయం చేసుకున్న సమయం అని దాని అర్థం. వీసా పొడిగింపుకు టెర్మిన్, క్షవరానికి టెర్మిన్, స్నేహితుడి ఇంట్లో కాఫీకి కూడా టెర్మినే. మా టీములో ఒకతను మమ్మల్ని భోజనానికి పిలిచాడు, ఆరు వారాల తరవాత వచ్చే శనివారానికి! ఆ శనివారం నాకు ఆకలి ఉంటుందో లేదో అని మా ఆవిడతో అన్నాను కానీ, ఫోన్‌లో మాత్రం వెంటనే ఎక్కించాను. "ఇటుగా వెళ్తూ మీ ఇల్లు గుర్తొచ్చి వచ్చాను" అనే మనిషి ఈ ఏడేళ్లలో మా గుమ్మం తొక్కలేదు. తెలుగువాళ్లం కూడా ఇక్కడికొచ్చాక రెండేళ్లు తిరగకుండానే ముందు మెసేజ్ పెట్టడం నేర్చుకుంటాం.

సమయం చెప్పే తీరు ఇంకో చిక్కు. 'హాల్ప్ నోయిన్' అంటే మాటకు మాట సగం తొమ్మిది. నేను దాన్ని తొమ్మిదిన్నర చేసుకుని, బాబు టీకాల టెర్మిన్‌ను అలాగే ఫోన్‌లో పెట్టాను. అది ఎనిమిదిన్నర. వీళ్లకు తొమ్మిదో గంట సగం నిండితే సగం తొమ్మిది. గంట ఆలస్యంగా వెళ్తే, కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూనే మూడు వారాల తరవాతి తేదీ ఇచ్చింది. ఈ స్వాబియా ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకు వేసి పావు ఎనిమిది, ముప్పావు ఎనిమిది అని కూడా అంటారు. అవి వరసగా ఏడుంపావు, ఏడూ ముప్పావు. ఆనాటి నుంచి ఎవరు నోటితో సమయం చెప్పినా, ఫోన్‌లో అంకెలు వేసి వాళ్ల ముఖానికి ఎదురుగా పెట్టి చూపిస్తాను. సిగ్గు పడి లాభం లేదు.

ఇంటి పనుల సంగతి వేరే. మా ఆవిడా నేనూ ఒకే క్యాలెండర్ పంచుకుంటాం. ఆమెది ఆకుపచ్చ, నాది నీలం, బాబుది పసుపు, చెత్తది గోధుమరంగు. చెత్తకు ఒక రంగు కేటాయించానంటే మా ఊళ్లో నవ్వుతారు. కాగితాలది ఒక డబ్బా, వంటింటి తొక్కలది ఒకటి, మిగతాది ఒకటి, ప్లాస్టిక్‌ది వేరే. దేని బండి దాని రోజున వస్తుంది, ముందురోజు రాత్రి బయట పెట్టకపోతే మళ్లీ వంతు వచ్చేదాకా ఇంట్లోనే కాపురం. ఇది చాలదన్నట్టు కేర్‌వోఖె ఉంది. అపార్ట్‌మెంటులో మెట్లు, నేలమాళిగ, వాకిలి ఊడ్చి తుడవడం వారానికొక కుటుంబం వంతు. మన వంతు రాగానే పొరుగువారు ఒక చిన్న చెక్క పలకను మన తలుపుకు తగిలించి పోతారు. ఈ ఆనవాయితీ మూలాలు 15వ శతాబ్దం చివరి నాటి నగర శాసనాల దాకా పోతాయని ష్టుట్‌గార్ట్‌వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎదురింటి పెద్దావిడ మేము తుడిచిన మెట్లను కళ్లద్దాలు సర్దుకుని మరీ చూస్తుంది. శనివారం పది గంటలకు మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగేలా పెట్టుకున్నాం. అమ్మ జీవితమంతా తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు వేసింది. ఆమెకు ఏ ఫోనూ మోగలేదు.

ఇన్నిటిని మోసిన యాప్ ఒక్కదాని దగ్గర చతికిలబడింది. అది నాన్నగారి తద్దినం.

నాన్నగారు పోయింది ఆషాఢ బహుళ నవమి. మొదటి ఏడాది ఆ తేదీని ఫోన్‌లో పెట్టి 'ప్రతి సంవత్సరం' అన్న మీట నొక్కాను. నొక్కిన తరవాత గుర్తొచ్చింది, తిథి తేదీతో నడవదు కదా అని. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, కనుక తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసం వచ్చి దాన్ని ఒక్కసారిగా వెనక్కి నెడుతుంది. 2024లో జులై నెలాఖరున వచ్చిన నవమి 2025లో జులై మూడో వారంలో వచ్చింది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం కాబట్టి ఆగస్టు మొదటి వారానికి పోయింది. వారానికి, నెలకు, నెలలో మూడో మంగళవారానికి, ఇలా యాప్‌లో రకరకాల ఆవృత్తులున్నాయి. కృష్ణపక్షం మాత్రం లేదు.

సెలవు అడిగినప్పుడు మేనేజరుకు నిజంగానే అర్థం కాలేదు. "మీ నాన్న పోయిన రోజు ఏటా ఎలా మారుతుంది?" అన్నారు. చంద్రుడు, పక్షాలు, అధిక మాసం అని నేను పీటలు వేసుకుని మొదలుపెడుతుంటే, పక్క సీటు ఆవిడే తల తిప్పకుండా అంది: "ఈస్టర్ లాగా." అంతే, ఆయనకు బోధపడిపోయింది. వసంత విషువత్తు తరవాత వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. నిరుడు ఏప్రిల్ 20న, ఈసారి 5న. ఏడేళ్లుగా దాని సెలవు తీసుకుంటూ కూడా, వీళ్ల పండగ కూడా చంద్రుడి వెంటే తిరుగుతోందని నాకు తట్టలేదు. ఇప్పుడు ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అమ్మ తిథి చూసి ఫోన్‌లో చెబుతుంది, నేను ఇక్కడ సెలవుకు పెట్టుకుంటాను. మొన్న మార్చి 19న పరాభవ నామ సంవత్సరం మొదలైన రోజున కూడా అలాగే చెప్పింది. ఈసారి కా-వే 32. ఆ రోజున నేను ఇక్కడ తర్పణం వదులుతాను, అమ్మ అక్కడ స్వయంపాకం ఇప్పిస్తుంది.

గడచిన జనవరిలో అమ్మ కంటి శుక్లం పరీక్షకని రాజమండ్రి వెళ్లాను. ఆసుపత్రికి ఇక్కడి నుంచే నేనే ఫోన్ చేసి పది గంటలకు సమయం తీసుకుని, అప్పుడే యాప్‌లో పెట్టాను. వెళ్లిన మర్నాడు ఎనిమిదిన్నరకే అమ్మ గంజిపెట్టిన నేత చీర కట్టుకుని, పర్సు ఒళ్లో పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. "మధ్యాహ్నం రెండున్నరకు కదమ్మా" అన్నాను ఫోన్ చూపించి. "పదింటికి అన్నావుగా, రాసుకున్నాను" అంది. గోడ దగ్గరికి వెళ్లి చూశాను. ఆ గడిలో పెన్సిలుతో '10 కన్ను' అని ఉంది. "మాట్లాడింది నేను కదా" అని గదమాయించాను. అమ్మ ఇంకేమీ అనలేదు, పర్సు తీసి లోపల పెట్టింది. పన్నెండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్: ఎందుకు రాలేదండీ, డాక్టరుగారు చూసి చూసి వెళ్లిపోయారు.

పది అని నేను పెట్టింది జర్మనీ పదికి. హైదరాబాదులో దిగగానే ఫోన్ తనంతట తాను భారత కాలానికి మారి, చలికాలపు తేడా నాలుగున్నర గంటలు కలిపి రెండున్నర చేసింది. ఏ దేశపు సమయమో పక్కనే ఒక చిన్న గడిలో అడుగుతుంది. నేను ఎప్పుడూ దాని వంక చూడలేదు. ఇదంతా అమ్మకు వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే నీ ఫోన్ ఏ ఊళ్లో ఉందిరా?" అంది.

సాయంత్రం డాక్టరు చూశారు, ఆపరేషన్ బాగానే జరిగింది. ఉన్న మూడు వారాల్లో ఒక రాత్రి ఇద్దరం పెరట్లో కూర్చుని మాట్లాడుకుంటుండగా నా ఫోన్ మోగింది. రోజూ భారత కాలం ఎనిమిదింటికి మోగేలా పెట్టుకున్న పని అది, ఊరికి వచ్చేముందు తీసేయడం మరిచాను. వెలిగిన తెర మీద తెలుగులో 'అమ్మతో మాట్లాడాలి' అని ఉంది. పక్కన గుండ్రటి టిక్కు గడి. అమ్మ కొత్త కంటితో దాన్ని కూడబలుక్కుని చదివింది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"మరి మాట్లాడు" అంది నవ్వుతూ.

తిరిగి వచ్చే రోజు పొద్దున, కారు రావడానికి ఇంకో పావుగంట ఉందనగా, కాఫీ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి గోడ వంక చూశాను. నేను ఉన్న రోజులన్నిటికీ గళ్లలో లీటరు, లీటరు అని ఉంది. ఇంకా రాని మర్నాటి గడిలో అమ్మ అప్పుడే 'అర' అని రాసేసింది.